సోలాపూర్ కిలోమీటరు

సోలాపూర్‌కు కొందరు చద్దర్లు కొనడానికి వెళ్తారు. కొందరు దేవుడి దర్శనానికి పోతూ దారిలో దిగుతారు. నేను మాత్రం ఒకావిడకు “మీ వల్ల కాదమ్మా” అని చెప్పడానికి వెళ్లాను. ఆ మాట ఫోన్లో చెప్పే ధైర్యం లేకపోయింది. తిరిగొచ్చేటప్పుడు సంచిలో ఒక చద్దరు, పిక్కలో ఒక పట్టు, మనసులో పెద్ద బరువు దిగిన తేలిక ఉన్నాయి. వచ్చినప్పటి నుంచి అందరూ చద్దరు సంగతే అడుగుతున్నారు. మిగతా రెండూ నేనే చెప్పుకోవాలి.

ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాక, నాలాగే వయసు మీద పడ్డాక బూట్లు కొనుక్కున్నవాళ్లకు మారథాన్ లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. నలభై రెండు కిలోమీటర్ల పరుగు అది. ఏ రోజు ఎంత దూరం పరిగెత్తాలి, కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో, ఏ రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుని మెల్లగా వెళ్లాలి అని ఫోన్ గ్రూపులో రాసి పెడతాను. సాధనలో వాళ్ల కాళ్లు చెప్పినదాన్ని బట్టి, అసలు రోజున ఎన్ని గంటల్లో ముగిస్తారో ముందే చెబుతాను. గ్రూపులో నన్ను జ్యోతిష్కుడంటారు. అరచేయి చూసి చెప్పే వాళ్లున్నారు గానీ అరికాలు చూసి చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. నా సొంత జాతకం మాత్రం ప్రతిసారీ తప్పుతుంది. నాకు కాలం కలిసొచ్చినా కాలు కలిసిరాదు.

ఆ గ్రూపులోకి ఆరు నెలల కిందట రేణుక వచ్చింది. సోలాపూర్ పక్కన కుంభారిలో, బీడీ కార్మికులకూ మగ్గాల కార్మికులకూ కట్టిన కొత్త కాలనీలో ఉంటుంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్ ఫోనూ భర్త వెంట రాత్రి షిఫ్టుకు కార్ఖానాకు పోతుంది. అందుకని మామూలు చేతి గడియారం పెట్టుకుని, కాలనీలో కొలిచి గీసిన ఒక చుట్టు మీద తెల్లవారుజామున పరిగెత్తి, పగలు ఫోను ఇంటికొచ్చాక టైములు మాటల్లో చెప్పి పంపేది. అక్షరం తప్పిపోయినా అంకె తప్పని మనిషి.

ఆమె కోరిక ఒక్కటే. వాళ్ల ఊరి మారథాన్‌ను ఆరు గంటల్లో ముగించాలి. ఆరు గంటల లెక్కన పరుగు వెనకాలే ఒక బస్సు నడుస్తుంది. దానికన్నా వెనకబడినవాళ్లను ఎక్కించుకుంటుంది. కిందటేడు ఆ బస్సు రేణుకను సరిగ్గా ఆమె పుట్టింటి పేటలో, తెలిసినవాళ్లందరి ముందు ఎక్కించుకుంది. అప్పటినుంచి ఆమె పేరు బస్సు రేణుక.

నా లెక్క ఎటునుంచి కూడినా ఆరు గంటల ఇరవై నిమిషాల కిందికి దిగలేదు. పరుగు ఇంకో వారం ఉందనగా ఆమె గొంతు వచ్చింది. “సార్, సీదా జెప్పుండ్రి. అయితదా, కాదా? కాదంటే నంబరు పెట్టుకోను. ఆ బస్సుల మల్ల కూసోను.”

నేనూ ఆ పరుగుకే పేరిచ్చి ఉన్నాను, ఆమెకు తోడుగా. అందుకని రెండు రోజులు ముందే బయల్దేరాను.

భవానీ పేట్

మహారాష్ట్రలో దిగానని మరాఠీ బోర్డులు చెబుతున్నాయి. బోర్డుల కింద నిలబడ్డవాళ్లు మాత్రం మా మేనత్త మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ముత్తాతల కాలంలో మగ్గాల పని కోసం వచ్చిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో రెండూ కలిపి ఇంత హిందీ. కబుర్లు తెలుగులో నడుస్తాయి గానీ లెక్క దగ్గరికొచ్చేసరికి అందరూ మరాఠీలోకి దూకుతారు. లెక్కల మాస్టారిని, నాకది భలే నచ్చింది. నా దగ్గర చదివిన పిల్లలు లెక్కల దగ్గర ఏ భాషలోకి దూకేవారో ఇప్పటికీ తెలియదు.

ఒక మూలమీద చాయ్, ఫలహారం అమ్మే అంబుబాయి దగ్గర కూర్చున్నాను. అరవై దాటిన మనిషి, ముక్కుకు రెండు వైపులా పుడకలు. పది రూపాయలకు చాయ్, దాంతోపాటు బోలెడన్ని ప్రశ్నలు.

“ఏ ఊరు సారూ?”

“హైదరాబాద్.”

“మాది గూడ ఆడికెల్లే. మా ముత్తాత సిరిసిల్ల.” నిన్ననే వచ్చి దిగినట్టు చెప్పింది.

తినడానికి కడక్ భాకరీ, మీద శెంగా చట్నీ, అంటే పల్లీల కారప్పొడి, పెట్టింది. జొన్నరొట్టే కదా అని మడత పెట్టబోయాను. అది రెండు ముక్కలై ఒకటి చాయ్‌లో, ఒకటి నా చొక్కా జేబులో పడింది. మా ఇంట్లో జొన్నరొట్టె మడత పడకపోతే చేసినవాళ్ల తప్పు. ఇక్కడ మడత పెట్టబోతే తిన్నవాడి తప్పు. నెలల తరబడి నిలవుండేలా ఎండబెట్టి కాలుస్తారట. అంబుబాయి జేబులో ముక్కను చూసి “దారిల పనికొస్తది, ఉంచుకోండ్రి” అంది.

దేనికొచ్చారని అడిగితే ఆదివారం పరుగుకన్నాను. ఆమె కళ్లు వెలిగాయి.

“అగో, పోయినేడు మా రేణుకను ఈడనే బస్సెక్కించిన్రు. నేనే అడిగిన, ‘ఏడికి పోతున్నవే బిడ్డా’ అని. కిటికీలకెల్లి మొకం గిట్ల తిప్పుకున్నది. అప్పటికెల్లి ఈ పేట్‌కు వస్తలేదు. తల్లి సచ్చిపోయింది గానీ, మేమంత లేమా?” చివరి మాటల దగ్గర గొంతు తగ్గించింది. “నేను ఊకె నవ్వులాటకు అడిగిన సారూ.”

నేను వచ్చిన పని గుర్తొచ్చి రెండో చాయ్ సగంలోనే వదిలేసి లేచాను. 

కుంభారి

సాయంత్రం బస్సులో కాలనీకి వెళ్లాను. ఒకే అచ్చులో పోసినట్టు వరసలు వరసలుగా ఇళ్లు. ఒకే కిటికీ, ఒకే మెట్టు, ఒకే నీలం డ్రమ్ము. ఇంటి నంబరు సరిగ్గానే పట్టుకుని, వరస తప్పి, ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో చెప్పులు విప్పి కూర్చున్నాను. వాళ్లు నీళ్లిచ్చి, చాయ్ పెట్టి, ఆ తర్వాత “ఎవరు గావాలె?” అని అడిగారు. మా హైదరాబాద్‌లో ఈ వరస తలకిందులుగా ఉంటుంది.

రేణుక గడప దగ్గర, ఒళ్లో చాట పెట్టుకుని, ఇద్దరు ఆడవాళ్లతో కలిసి బీడీలు చుడుతోంది. నలభైకి దగ్గర పడ్డ సన్నటి మనిషి. చూపు నా మీద, వేళ్లు ఆకు మీద. మాట ఆగినా వేళ్లు ఆగలేదు.

“సార్, మీరు ఫోన్ల లావుగ అనిపిచ్చిన్రు.”

“గొంతే లావు” అన్నాను.

పక్కనున్నావిడ “ఈయననేనా నిన్ను ఉరికిచ్చేది? ఈయన ఉరుకుతడా?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్నకు జవాబు ఆదివారం రాబోతోందని అప్పుడు తెలియదు.

దారిపొడుగునా అల్లుకున్న వాక్యం నాలుక చివర ఉంది. వయసు, ఎండ, వచ్చే ఏడు చూద్దాం, ఆరోగ్యం ముఖ్యం. నోరు తెరిచాను.

“చట్నీ చాలా బాగుందమ్మా ఇక్కడ” అన్నాను.

రేణుక నా మొహం చదివేసింది. చేతిలో బీడీ చివర మడిచి, చాటలో పెట్టింది. “కాదని జెప్పెటందుకే వచ్చిన్రు గదా? అవునంటె ఫోన్లనే జెప్పెటోళ్లు.” ఇంకో ఆకు తీసుకుంటూ, “పొద్దుగాల నా ఎంబడి ఒక పది చుట్లు ఉరుకుండ్రి. కండ్ల చూసి జెప్పుండ్రి. అప్పుడు నేను ఏమనను” అంది.

శనివారం తెల్లారకముందే నీళ్ల ట్యాంకు దగ్గర కలిశాం. నేల మీద సున్నంతో గీసిన గీత. అక్కడి నుంచి వరసల చుట్టూ తిరిగి మళ్లీ గీత దగ్గరికొస్తే ఒక చుట్టు, ఒక కిలోమీటరు. ఆమె చుట్లను మరాఠీలో లెక్కపెడుతోంది. ఏక్, దోన్, తీన్. తేలిగ్గా పరిగెత్తుతోంది, చీర కుచ్చిళ్లు పైకి దోపినంత తేలిగ్గా. పక్కన నేను రొప్పుతూ కూడా ఆలోచిస్తున్నాను. ఇంత మెల్లటి టైములు చెప్పే మనిషి వెంట నాకింత ఆయాసమెందుకు? వయసని ఒక చుట్టూ, భాకరీ అని ఒక చుట్టూ సర్దిచెప్పుకున్నాను.

గీత దాటుతూ ఆమె “దహా” అంది. పది. నా చేతి గడియారం ఆకాశం నుంచి దూరం కొలుచుకునే రకం. అది పదకొండు చూపిస్తోంది.

ముందు గడియారాన్ని అనుమానించాను. తర్వాత అలవాటు కొద్దీ నన్నే అనుమానించుకున్నాను. మూడోది సున్నం గీతని అనుమానించాలని తట్టడానికి గుక్కెడు నీళ్లు పట్టింది.

“రేణుకా, ఈ చుట్టు ఎవరు కొలిచారు?”

“మా మామ. పడుగులు పోసెటాయన. ఆయన కొలతల ఫరక్ రాదు సార్.”

దాజీ పేట్

రేణుక మామగారు మల్లేశం పెద్ద కొడుకుతో దాజీ పేట్‌లోని పాతింట్లోనే ఉంటారు. ఎండ ఎక్కకముందే ఇద్దరం అక్కడికి చేరాం. ఆ సందులో అడుగుపెడితే చెవులు చేసే పని అరికాళ్లు కూడా చేస్తాయి. గోడకు అటూ ఇటూ మరమగ్గాలు. గ్లాసులో నీళ్లు వణుకుతుంటాయి. ఎవరూ అరుస్తున్నట్టు ఉండరు గానీ అందరి మాటా వినిపిస్తుంది. నేను అరిచినా నా మాట ఎవరికీ వినిపించలేదు.

మల్లేశం గారు డెబ్బై దాటిన మనిషి. మగ్గానికెక్కే నిలువు పోగుల్ని పొడవు కొలిచి చుట్టడం, అదే పడుగు పోయడం, బతుకంతా చేసిన పని. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తను గడపలో కూర్చున్నారు.

“కాలనీలో కిలోమీటరు మీరే కొలిచారట.”

“నేనే. వంద మీటర్ల తాడు పెట్టి, పది మార్లు కొలిచిన.”

“తాడు సరిగ్గా వందేనా?”

పాలల్లో నీళ్లు కలిపావా అని అడిగినట్టు చూశారు. “వందకు వందే పోస్తే ఎట్ల సార్? నూటికి పది ఎక్కువ. పడుగు మగ్గమెక్కినంక కుంచుకపోతది. పోగు మీదికి కిందికి తిరుగుతది గదా. ఆఖర్ల ముక్క ఇంత వేస్ట్ వోతది. నూరు మీటర్లని జెప్పి తొంభై ఇస్తే సేఠ్ ఊకుంటడా?”

“కానీ ఇది రోడ్డు కదండీ. రోడ్డు కుంచుకుపోదు.”

“మనిషి కుంచుకపోడా?” అన్నారాయన శాంతంగా. “తక్కువైతె ఏడికెల్లి తెస్తవ్? ఎక్కువైతె పోయేదేంది?”

 రేణుక లేచి నిలబడింది. “అంటే మామా, ఆర్నెల్లు నూటికి పది నన్ను ఫుకట్‌ల ఉరికిచ్చిన్రా?”

“ఫుకట్ ఎట్లయితది బిడ్డా? నీ కాళ్లల్లనే ఉన్నది గదా, ఏడికి వోయింది?”

నేను మంచం మీదే వేళ్లతో లెక్క మొదలుపెట్టాను. ఆమె పంపిన ప్రతి కిలోమీటరూ కిలోమీటరు కన్నా పొడుగు. కాబట్టి ప్రతి టైమూ నేననుకున్న దానికన్నా మెరుగు. ముప్పై అనుకుని పరిగెత్తిన రోజు ముప్పైమూడు పరిగెత్తింది. ఆరు గంటల ఇరవై నిమిషాలు కాస్తా, ఎండకూ అలసటకూ కొంత వదిలేసినా, ఆరుకు పావుగంట ముందే వచ్చి ఆగింది. నమ్మకం కుదరక రెండోసారి మరాఠీలో లెక్కపెట్టాలనిపించింది, రాదు గనక ఊరుకున్నాను.

“అవుతుంది రేణుకా” అన్నాను. మగ్గాల చప్పుడులో వినబడలేదు. మళ్లీ చెప్పాను. అప్పుడూ వినబడనట్టే నిలబడింది. మూడోసారి చెప్పాక “మొదటిపారే ఇన్న సార్, ఊకె మల్ల మల్ల ఇందామని” అంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

వారం రోజులుగా నా గొంతులో ఉన్న వాక్యం ఎటు పోయిందో పోయింది. ఆ ఖాళీలో మల్లేశం గారి పెద్ద కోడలు భాకరీలూ, చట్నీ, గుత్తొంకాయ కూరా పెట్టింది. పరుగుకు ముందు రోజు కారాలు తినవద్దని గ్రూపులో వారం వారం రాసేవాణ్ణి నేనే. మూడుసార్లు వడ్డించుకున్నాను. పడుగు, పరుగు ఒక్క అక్షరం తేడా అని మల్లేశం గారితో అంటే, “అక్షరాలు నాకు రావు సార్, అంగట్ల ఏ లెక్కనైనా జర ఎక్కువ పెట్టుకోవాలె” అన్నారు. అక్కడే నాకు బుద్ధి రావలసింది.

ఆదివారం రోడ్డు

చీకట్లోనే పరుగు మొదలైంది. రేణుక చీర వదిలి, పైజామా మీద భర్త టీషర్టు వేసుకుంది. సగం దూరం దాకా ఆమె పక్కనే ఉండి వేగం అదుపులో పెట్టడం నా బాధ్యత. నేను నాలుగో కిలోమీటరు దాకా బాగానే పెట్టాను. తర్వాత నిన్నటి సంతోషం కాళ్లలోకి దిగింది. “సార్, ముందుకు వోతున్రు” అని ఆమె రెండుసార్లు హెచ్చరించింది. శిష్యురాలు గురువుకు వేగం చెప్పే రోజు ఇంత త్వరగా వస్తుందని నా అంచనాల్లో లేదు.

ఇరవై ఆరో కిలోమీటరు దగ్గర నా పిక్క ముడిపడింది. రోడ్డు పక్కన కూలబడ్డాను. రేణుక ఆగింది.

“నువ్వు పో అమ్మా.”

“ఊకోండ్రి.” మోకాళ్ల మీద కూర్చుని పిక్కను పట్టుకుంది. రోజంతా ఆకును మడిచే వేళ్లు. ముడి ఎక్కడుందో వెతకలేదు, నేరుగా అక్కడే నొక్కింది. నొప్పికి నాకు మా మొదటి హెడ్మాస్టారు కనిపించారు. పక్కనే నీళ్లు పంచే బల్ల దగ్గరికి పోయి ఉప్పు, నీళ్లు తెచ్చింది. నిమిషాలు పోతున్నాయి. ఆమెకు మిగులుగా ఉన్న పావుగంట ఎటు పోతోందో ఇద్దరికీ తెలుసు.

“రేణుకా, బస్సు” అన్నాను. ఆ ఒక్క మాటతో లేచింది. వెళ్తూ వెనక్కి చూసింది. నేను నిలబడ్డట్టు నటించాను.

నటన రెండు కిలోమీటర్లే సాగింది. బస్సు నా పక్కనొచ్చి ఆగింది. డ్రైవరు మరాఠీలో మర్యాదగా “యా కాకా, బసా” అన్నాడు. రండి కాకా, కూర్చోండి. కూర్చున్నాను. ఖాళీగా ఉన్నది కిటికీ పక్క సీటే.

ఆరు గంటల లెక్కతో నడిచే బస్సు ఎంత నెమ్మదిగా ఉంటుందో, లోపల కూర్చున్నవాడికి ఎంత వేగంగా ఉంటుందో చెప్పలేను. రోడ్డంతా రేణుక కోసమే చూస్తున్నాను. కనిపించకపోతే బాగుండునని చూడటం అదే మొదటిసారి.

భవానీ పేట్‌లో కనిపించింది. బస్సుకు ఓ వంద అడుగుల ముందు, నడుస్తోంది. పరుగు లేదు. ఎండ నెత్తికెక్కింది. రెండు వైపులా జనం. అంబుబాయి తన చాయ్ బండి వదిలి రోడ్డు మీదికొచ్చి నిలబడింది. కిందటేడు బస్సు ఆగిన చోటది. డ్రైవరు తలుపు పక్కనున్న కుర్రాడికి, ఈమె కూడా ఎక్కుతుందని మరాఠీలో చెప్పాడు. ఆమెకు మరాఠీ వచ్చినా వినబడనంత దూరంలో ఉన్నందుకు సంతోషించాను. వినబడే దూరం తగ్గుతున్నందుకు చెమటలు పట్టాయి. ఆమె నా పిక్క మీద ఖర్చుపెట్టిన నిమిషాలను తిరిగివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, జేబులో శుక్రవారం నాటి భాకరీ ముక్క తప్ప.

అంబుబాయి ఈసారి ప్రశ్న అడగలేదు. గిన్నెడు నీళ్లు రేణుక నెత్తిన కుమ్మరించి, ఆమెతో పాటు నాలుగడుగులు వేసింది. కొంచెం ముందు, మలుపులో, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మల్లేశం గారు కూర్చున్నారు. మగ్గాల మధ్య బతికిన గొంతు, బస్సులో నాకు కూడా స్పష్టంగా వినబడింది.

“బిడ్డా, పడుగు ఇంకా ఉన్నది. ఉరుకు.”

ఆమె తల తిప్పలేదు. కుడిచెయ్యి పైకెత్తింది, వినబడిందన్నట్టు. మొదట అది పరుగో నడకో తెలియలేదు. తర్వాత బస్సుకూ ఆమెకూ మధ్య రోడ్డు కొంచెం వెడల్పయింది. ఇంకొంచెం అయింది. కాలనీలో సున్నం గీత చుట్టూ తిరిగిన ఒక్కో చుట్టులో ఎవరూ లెక్కపెట్టని ఆ చివరి ముక్క, ఎక్కువ పోసిన ముక్క, ఇప్పుడు బయటికొస్తోందని నాకనిపించింది. డ్రైవరు వేగం పెంచలేదు. అతనికి అతని లెక్క ఉంది. నేను బస్సులో ఉండి బస్సు ఓడిపోవాలని మొక్కుకున్నాను. పక్క సీట్లలోని ఓడిపోయినవాళ్లంతా కూడా చప్పట్లు కొడుతున్నారు.

ఆమె ముగింపు గీత దాటినప్పుడు ఆరు గంటలకు ఇంకా నాలుగు నిమిషాలు ఉంది. నేనన్న పావుగంటలో మిగిలింది అంతే. మిగతాదంతా నేనే తిన్నాను.

బస్సు వచ్చి ఆగేసరికి ఆమె మెడలో పతకంతో, ఉప్పు కట్టిన మొహంతో తలుపు దగ్గర నిలబడి ఉంది. నాకు చెయ్యి అందించింది.

“దిగుండ్రి సార్. కిటికీ పక్కన గాలి మంచిగ తగిలిందా?”

తిరుగు దారి

వచ్చేటప్పుడు మల్లేశం గారు ఒక చద్దరు ఇచ్చారు. ఇంటికొచ్చి కప్పుకుంటే కాళ్లు దాటి ఇంకా జానెడు ఉంది. ఇప్పుడు గ్రూపులో ఎవరు టైములు పంపినా ముందుగా “చుట్టు కొలిచిందెవరు?” అని అడుగుతున్నాను. నా సొంత అంచనాకు మాత్రం నూటికి పది కలుపుకుంటున్నాను, ఇరవైకి ధైర్యం చాలక.

మొన్న రేణుక గొంతు వచ్చింది. వెనకాల ఆడవాళ్ల నవ్వులు, దూరంగా హారన్ మోత.

“సార్, అంబుబాయి దగ్గరికి వోయిన. మీ భాకరీ డబ్బాల పెట్టి ఉంచింది, మల్ల రమ్మన్నది. ఇంకోటి, కోపం జేసుకోకుండ్రి. మా కాలనీల ఇప్పుడు బస్సొస్తె నా పేరు ఎవ్వలు తీస్తలేరు. ‘అగో, హైదరాబాద్ సారొచ్చిండు’ అంటున్రు.”